కార్డు నా అరచేతిలోనే ఉంది

ఇన్నాళ్లూ నన్నెవరూ పట్టించుకోలేదు. లైనక్స్ అనే కంప్యూటర్ సిస్టం వాడేవాళ్ల ఫోరంలో ఇంతకుముందు సాయం అడుగుతూ మూడుసార్లు రాశాను. వచ్చింది ఒక్క జవాబు... "ముందు వెతికి, తర్వాత అడగండి." వెతక్కుండానే అడిగానా? ఆ మాట నేను మర్చిపోలేదు. ఇప్పుడు చెప్పేది నమ్మకపోతే మీ ఇష్టం. నా బిడ్డ మీద ఒట్టు, జరిగింది ఇదే.

మాది రాజురా దగ్గర లక్కడ్‌కోట్ అనే ఊరు. బిడ్డ నర్సింగ్ చదువు ఫారం నెట్‌లో పంపడానికి ఆ రాత్రి పన్నెండు వరకే గడువు. పొద్దున అప్‌డేట్ చేశాను, లాప్‌టాప్‌లో వైఫై డ్రైవర్ పోయి నెట్ ఆగింది. నా ఫోనేమో రాజురాలో రిపేరుకు ఉంది. ఈ లైనక్స్ ఎక్కించింది కోర్పనాలో ఉండే నా దోస్తు శంకర్. మూడు నెలలుగా నా ఫోన్ ఎత్తడం లేదు. ఎందుకో ఈనాటికీ చెప్పలేదు.

పదకొండున్నర అయింది. "పోనీ బాపూ, వచ్చే ఏడు చూద్దాం తియ్," అంది బిడ్డ. ఎందుకు పోవాలి ఒక ఏడాది? ఎవరి తప్పుకు? పోయి పండుకోమన్నాను.

లాప్‌టాప్ ఆపి, మరలు విప్పి, వైఫై కార్డు ఊడదీశాను. గోరంత ఉంది, ఎడమ అరచేతిలోనే పట్టుకున్నాను. తప్పు దానిదా కాదా తేల్చుకుందామని, అది లేకుండానే మళ్లీ ఆన్ చేశాను. వైఫై పరికరాల జాబితా అడిగితే... ఖాళీ. ఉండదు కదా.

లాప్‌టాప్ ఫ్యాన్ చప్పుడు ఆగింది. తెర మూలన చిన్న వైఫై గుర్తు... ఒక గీత... రెండు... మూడు.

నెట్‌వర్క్ పేరు చదివాను. "శంకర్ కోర్పనా." అది వాడి ఫోన్ హాట్‌స్పాట్ పేరు. కోర్పనా బస్సులో గంటకు పైనే. తలుపు తీసి చూశాను. రోడ్డు మీద కుక్క కూడా లేదు.

పాస్‌వర్డ్ అడగలేదు. ఫారం వెళ్లింది. రసీదు వచ్చింది. మళ్లీ మూలకు చూస్తే... గుర్తు లేదు. అరచేతిలో కార్డు మాత్రం కాలుతోంది.

తెల్లారి మొదటి బస్సుకు కోర్పనా పోయాను. శంకర్ తలుపు సగమే తీశాడు. రాత్రి నీ హాట్‌స్పాట్ మా ఇంట్లో కనబడ్డదని మాత్రమే అన్నాను. నా హాట్‌స్పాట్ ఏంది, ఫోన్ పాడై నెలయిందన్నాడు. తెచ్చి చూపించాడు. బ్యాటరీ ఉబ్బి, వెనక మూత లేచిపోయి ఉంది. కూర్చోమని కూడా అనలేదు. వెనక్కి తిరిగాను. అప్పుడు మెల్లగా అడిగాడు.

"బిడ్డ ఫారం పోయిందా?"

ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. బిడ్డను తర్వాత అడిగాను, తనూ చెప్పలేదంది. "నీకెట్ల ఎరుక?" అన్నాను. తలుపు మూసుకున్నాడు.

ఇదంతా రాస్తే, నేను కార్డు సరిగ్గా తీసి ఉండనని ఫోరంలో నవ్వుతున్నారు. నవ్వనీ. శంకరూ, మూడు నెలలు ఫోన్ ఎత్తకపోతివి, ఊకున్న. దీనికి మాత్రం ఊకోను. చెప్పు... నీకెట్ల ఎరుక?