రుచి చూడకుండా వండిన మా అత్త

మా మేనత్త పోయిన వారం తిరువళ్ళూరులో కన్నుమూసింది. కబురు తెలిసి మదరాసు నుంచి హోటలువాళ్ళు వ్యాను నిండా వచ్చారు. చెఫ్, గిన్నెలు తోమేవాళ్ళు, బల్లలు తుడిచేవాళ్ళు, చివరికి ఓనరు కూడా. ఆ హోటల్లో హాలు చూసుకునే పని నాది, అంటే వాళ్ళందరూ నాకు రోజూ కనబడేవాళ్ళే. ఆ రోజు మాత్రం ఒక్కరితోనూ నోరు విప్పి మాట్లాడలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నది వాళ్ళకు చెప్పలేకపోయిన మాటలే.

మీలో కొందరు ఆమె చేతి వంట తినే ఉంటారు. నగరంలో అవార్డులు వచ్చిన హోటళ్ళు ఏవని ఫోనులో వెతుక్కుని, ముందుగా బల్ల చెప్పుకుని వెళ్ళే అలవాటు ఉంటే తప్పకుండా తిని ఉంటారు. మెనూలో పితికిపప్పు పులుసు అని రాసి, దాని కింద ఇంగ్లీషులో నాలుగు లైన్ల కవిత్వం రాసి ఉండేది చూడండి, అదే. నానబెట్టిన అనపగింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే తోలు ఊడి పప్పు చిటుక్కున బయటికి దూకుతుంది. ఆ పప్పుతో పెట్టే పులుసు. ఆ కవిత్వం నేను చదివి అర్థం చెబితే అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. "పప్పు పిసికేదానికి ఇంత కథ ఉండాదా పాపా? మా అమ్మకి తెలిసుంటే ఒళ్ళు వంచకుండా కథ చెప్పుకుంటా కూచోనుండు."

ఆమె పుట్టింది అత్తిమంజేరిపేటలో. తిరుత్తణికి కోడలుగా వెళ్ళింది. మామ తొందరగా పోవడంతో కొండ కింద వీధిలో చిన్న మెస్సు పెట్టుకుంది. ఆడి కృత్తిక పండగకు కావడి ఎత్తుకుని కొండెక్కినవాళ్ళు, మొక్కు తీర్చుకుని ఎండలో కాళ్ళు కాలి దిగివచ్చి ఆమె దగ్గరే తినేవారు. ఉపవాసం ఉన్నవాళ్ళ కోసం వండేటప్పుడు ఉప్పు చూడటానికైనా అత్త నాలుక మీద చుక్క వేసుకునేది కాదు. "మొక్కుకోని కావడి ఎత్తినోళ్ళు తినకముందర మనం నాలిక పెట్టేదేంది?" అనేది. ఆ పట్టింపు కృత్తికతో పోలేదు, ఏడాది పొడుగునా ఉండిపోయింది. మూత తీసి, ఆవిరి మీదికి వంగి, కళ్ళు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చేది. ఉప్పు చాలకపోతే చెయ్యి దానంతటదే డబ్బా వైపు వెళ్ళేది. పక్కన నిలబడి చూస్తే ఆమె పులుసుతో ఏదో గుసగుసలాడుతున్నట్టే ఉండేది.

ఆ మెస్సున్న కట్టడం పడగొట్టేశాక, ఎప్పటి నుంచో అక్కడ తింటున్న మా ఓనరు ఆమెను మదరాసుకు పిలిచాడు. తిరువళ్ళూరులో రైలు కట్ట పక్కన మా ఇంట్లోనే మకాం పెట్టి, నాతో పాటు రోజూ ఎలక్ట్రిక్ రైల్లో వచ్చేది. తెల్ల కోటు జేబులో నాలుగు చెంచాలు పెట్టుకుని తిరిగే మా చెఫ్ మొదటి రోజే బెంబేలెత్తిపోయాడు.

"టేస్ట్ పాక్కామ ఎప్పడి అక్కా?" రుచి చూడకుండా హాల్లోకి ఎలా పంపేదని అతని దిగులు.

"నువ్వు పాక్కో తంబీ. నాకు ముక్కుండాది."

అతను పులుసు చెంచాతో నోట్లో వేసుకుని, హాల్లోకి పంపమని గిన్నె నావైపు జరిపాడు. ఆ తరువాత ఆమె గిన్నెల జోలికి ఎప్పుడూ చెంచా తేలేదు. హాల్లో పెద్దపెద్దవాళ్ళు తింటారు, ఫొటోలు తీసుకుంటారు, వంట మీద వ్యాసాలు రాసేవాళ్ళు వచ్చి నన్ను ఏవేవో అడుగుతారు. అత్త వంటింటి తలుపు దగ్గర నిలబడి వాళ్ళెవరో అడిగేది కాదు. "రెండోసారి వేసుకున్నారా?" అని మాత్రం అడిగేది. నేను తలూపితే లోపలికి వెళ్ళిపోయేది.

తరువాత ఊళ్ళన్నీ మూయించిన ఆ జ్వరం వచ్చింది. ఇంటింటికీ వచ్చింది, మా ఇంటికీ వచ్చింది. తగ్గి మళ్ళీ పనిలోకి వెళ్ళిన కొత్తలో ఒక పొద్దున రైల్లో మా పక్కన చేపల బుట్ట దించారు. మామూలుగా అయితే అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "నా ముక్కు చెడిపోతాది పాపా" అంటూ అవతలి తలుపు దగ్గరికి పోయి నిలబడుతుంది. ఆ రోజు కదలకుండా కూర్చుంది. కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

"అత్తా, వాసన రాలేదా నీకు?"

గొంతు తగ్గించి చెప్పింది. "జొరం పోయినప్పట్నించీ లేదు పాపా. ఎవురికీ చెప్పబాక."

డాక్టరు కొందరికి తిరిగి వస్తుందని, కొందరికి రాదని అన్నాడు. అత్త వండుతూనే ఉంది. చేతికి అలవాటైన కొలతలు చేతిలోనే ఉన్నాయి, తిన్నవాళ్ళెవరికీ తేడా తెలియలేదు. ఆమె మాత్రం మూత తీసి వంగినప్పుడల్లా మునుపటికంటే ఎక్కువసేపు వంగి ఉండేది. ఆవిరికి ముఖమంతా తడిసిపోయేది. అది ఆవిరేనని నాకు నేను చెప్పుకునేదాన్ని.

ఆ ఏడాదే మా హోటలుకు అవార్డు వచ్చింది. తీర్పు చెప్పేవాళ్ళు భోజనానికి వస్తున్నారని ముందు ఎలాగో పొక్కింది. ఆ మధ్యాహ్నం వంటింట్లో అందరూ పరుగులు పెడుతుంటే, అత్త గరిటెతో పులుసు కాస్త తీసి, అరచేతిలో పోసుకుని, నాలుకకు తగిలించుకోవడం చూశాను. తిరుత్తణిలో అన్నేళ్ళు చేయనిది, ఇక్కడా ఒక్కనాడూ చేయనిది చేసింది. నేను దగ్గరికి వెళ్ళాను.

"ఉప్పు తెలిసె, పులుపు తెలిసె," అంది చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ. "పులుసు మాత్రం తెలీలేదు పాపా."

వచ్చినవాళ్ళు గిన్నె తుడిచి తిన్నారు. నగరంలో పల్లె వంటలకు మాదే మేటి హోటలన్నారు. అవార్డు ఇచ్చిన రోజు పెద్ద హాల్లో వేదిక మీదికి ఓనరు అత్తను చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళాడు. శాలువా కప్పారు, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను వెనక వరసలో నిలబడి సంతోషంతో ఏడ్చాను. తిరుగు రైల్లో అత్త శాలువాను మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంబత్తూరు దాటాక నావైపు తిరిగింది.

"ఎవురో వండినదానికి నన్ను పిల్చినట్ల ఉన్నింది," అంది.

నేను ఆ శాలువా తీసి నా సంచిలో పెట్టాను.

నెల తిరక్కుండానే పని మానేసింది. చెఫ్ మా ఇంటికి వచ్చి, రుచి తాను చూస్తానని, ఆమె ఊరికే పక్కన నిలబడితే చాలని తమిళంలో ఎంతో బతిమాలాడు. "నువ్వు చూసి చెప్పేదైతే అది నీ వంట తంబీ. బాగా చేస్తావు, చేసుకో," అని అతనికి కాఫీ ఇచ్చి పంపింది. ఆ కాఫీ కూడా నన్నే కలపమంది. హోటలు గోడ మీద అవార్డు పలక అలాగే వెలుగుతూ ఉంది. దాని ముందు నిలబడి జనం ఫొటోలు దిగుతుంటే నేను పక్కకు తప్పుకుని చోటిస్తాను, అది నా ఉద్యోగం. కానీ వంటింట్లో ఎవరు మూత తీసినా నా తల అటు తిరుగుతుంది.

ఈ చివరి నెలల్లో అత్త గుండె బలహీనపడి మంచం దిగలేదు. నేను సెలవు పెట్టి దగ్గరే ఉన్నాను. పోవడానికి ముందు రోజు పొద్దున గంజి తాగించి మూతి తుడుస్తుంటే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ముక్కుపుటాలు కదులుతున్నాయి.

"పాపా, పక్కింట్లో పప్పు అడుగంటతా ఉండాది. బిరిక్కిన పోయి చెప్పు, దించమను."

వచ్చేసింది, వాసన వచ్చేసింది అనుకున్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. పక్కింటి తలుపుకు తాళం ఉంది. ఆ రోజు అమావాస్య, వాళ్ళు ఇంటిల్లిపాదీ వీరరాఘవస్వామి గుడికి వెళ్ళారు. వంటింటి కిటికీలోంచి చూశాను. పొయ్యి తుడిచి ఉంది. గిన్నెలన్నీ కడిగి గట్టు మీద బోర్లించి ఉన్నాయి. ఆ కిటికీ ఊచలు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

లోపలికి వచ్చేసరికి అత్త నాకోసమే చూస్తోంది.

"చెప్పినావా?"

"చెప్పినానత్తా. దించేసినారు."

"మాడిపొయ్యిందా?"

"లేదత్తా. నువ్వు చెప్పబట్టి సరిపోయింది."

ఆమె ముఖం విప్పారింది. అలాంటి ముఖం చూసి చాలా కాలమైంది. తల కిటికీ వైపు తిప్పుకుని, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా గాలి పీల్చుకుంది.

"ఇంగువ రొంబ జాస్తి వేసినారు," అని, మళ్ళీ ఒకసారి పీల్చుకుంది.