పైడమ్మ మాత్ర అడిగిన రాత్రి

సూది పట్టిన ఈ చేతి మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. నవ్వేవాళ్ళుంటే ఇప్పుడే నవ్వేసుకోండి.

అరవైల చివరి మాట. విజయనగరంలో నర్సుగా ఉన్నాను. గుండె జబ్బువాళ్ళు ఇంటికి వెళ్ళేముందు మందులెలా వాడాలో చెప్పి, తిరిగి అప్పజెప్పించుకునే పని నాది. అప్పజెప్పలేకపోతే కదలనిచ్చేదాన్ని కాదు. అంత పొగరు నాకు.

రామతీర్థం వైపు నుంచి పైడమ్మ వచ్చింది. వాచిన కాళ్ళు, ఆగని ఆయాసం. ఆమె రొప్పు వార్డు ఆ చివరికి వినిపించేది. మాత్రలతో తేరుకుంది. కానీ ఉత్త కడుపున వేస్తే వాంతులు. అందుకే పదిసార్లు చెప్పించాను.

"పొద్దున్న కూడు తిన్నాకే మాత్ర. తినకుండా ఎయ్యను సిస్టరమ్మా" అంది. పంపించేశాను.

నాలుగు రోజులకే కార్తీకమాసం వచ్చింది. ఆ మాసంలోనే ఒక రాత్రి డ్యూటీ నాది. రెండు దాటింది. వార్డు తలుపు మీద గోటితో గీకినట్టు... గర్ర్... ఆగి, మళ్ళీ గర్ర్... లాంతరు పట్టుకుని గడియ తీశాను.

పైడమ్మ. మెట్టు కింద. ఒక్కతే.

"సిస్టరమ్మా... మాత్ర ఎయ్యనా?"

"ఈ వేళప్పుడేమిటే? అన్నం తిన్నావా?"

"నేదమ్మా."

"మరి నేనేం చెప్పాను? ముందు తిను, పో!" అని కసిరాను.

కదల్లేదు. నన్నే చూస్తోంది. అప్పుడు తట్టింది... రొప్పు లేదు. చెవి పెట్టి విన్నాను. లాంతరు వత్తి చిటపట... ఎక్కడో కుక్క... ఆమె ఊపిరి మాత్రం... అసలు లేదు. నిజం చెప్పొద్దూ, సంతోషించాను. మందు ఎంత బాగా పట్టిందో అనుకున్నాను. గడియ వేసేశాను.

తెల్లారాక ఆమె మొగుడు వచ్చాడు. మాత్రల పొట్లం బల్ల మీద పెట్టాడు.

"ఇంకోలికి పనికొస్తాయి సిస్టరమ్మా. నిన్న దీపాలెట్టే ఏల పోనాది."

పొట్లం విప్పి చూశాను. దాదాపు నిండుగానే ఉంది.

"ఎందుకు వేసుకోలేదయ్యా?" అని అరిచాను.

"కార్తీకం గదమ్మా. పగలు కూడు ముట్టదు. సుక్కలు సూసినాకే ముద్ద. పొద్దున్న కూడే నేకపోతే మాత్ర ఎలగేస్తాది? నువ్వే వద్దన్నావంట."

గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపేసింది.

కలేనంటారు మావాళ్ళు. అయి ఉండొచ్చు... నాకు తెలీదు. కలైనా, నిజమైనా, అంత దూరం వచ్చి అడిగింది. తినలేదని చెప్పింది కూడా. ఎందుకు తినలేదే అని... నేనొక్క మాట అడగలేదు.