పెద్దనాన్న ఆఖరి పత్తి

మా పెద్దనాన్న పోయి ఇంకా నెల కాలేదు. ఆ పొద్దున చీరాలలో నేను బడికి పాఠం చెప్పడానికి బయలుదేరుతుంటే నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్య పోయాడురా. చేలోనే," అన్నాడు. పొదిలి బస్సు ఎక్కాక గానీ నాకు ఏడుపు రాలేదు.

పెద్దనాన్న చెయ్యి పెద్దది. విస్తట్లో అన్నం పెట్టినా, పత్తి మొక్కల మొదళ్లలో ఎరువు వేసినా ఆ చేతికి కొలత తెలియదు. "చాలన్నవాడికే ఇంకో ముద్ద పెట్టాలిరా, మొహమాటపడతా ఉంటాడు" అనేవాడు. సెలవులకు వెళ్తే రెండో రోజుకే పిల్లలం కడుపులు పట్టుకుని తిరిగేవాళ్లం. "ఈయనకి పిల్లలైనా చేనైనా ఒకటే" అని పెద్దమ్మ మాకు వాము నలిపి ఇస్తూ విసుక్కునేది.

చేను నల్లగా ఉండాలి ఆయనకు. ముదురు పచ్చటి పైరును మా వైపు నల్లగా ఉందంటాం. పక్క చేలో ఒక బస్తా యూరియా వేశారని తెలిస్తే ఈయన రెండు వేసేవాడు. దారినపోయేవాళ్లు ఆగి చూస్తే మీసాల్లో నవ్వుకునేవాడు. మంచి వానలు పడిన ఏళ్లలో ఆ పత్తి నా భుజాల దాకా ఎదిగేది. కాయ మాత్రం పొరుగువాళ్లకే ఎక్కువ కాసేది. ఆ మాటంటే ఆయనకు ఒళ్లు మండేది. మిగతా విషయాల్లో ఆయనంత మెత్తటి మనిషిని నేను చూడలేదు.

ఈ ఏడు మొదట్లో ఒక మంచి వాన పడింది. మొక్క లేచింది. ఆ తర్వాత ఆకాశం మొహం చాటేసింది. పెద్దనాన్న రెండో విడత యూరియా వేయబోతుంటే నాన్న అడ్డుపడ్డాడు.

"నేలలో పదును లేదన్నయ్యా. తడి లేకుండా వేస్తే మొక్క మాడిపోద్ది."

"మబ్బు పట్టింది గదరా, పొద్దుటికి కురవకపోద్దా? ఆకలితో ఉన్నదాన్ని చూస్తా ఎట్టా ఊరుకోమంటావ్?"

మబ్బు అటే వెళ్లిపోయింది. ఆకుల అంచులు మాడాయి, పూత రాలింది. కౌలు చేను, బోరు లేదు. నా చేత్తోనే చంపుకున్నానని పెద్దనాన్న సరిగా అన్నం తినడం మానేశాడు. ఊళ్లోంచి బిందెలతో నీళ్లు మోసి, మొక్కకో చెంబు పోయడం మొదలుపెట్టాడు. ఆ నీళ్లు ఏ మూలకు? ఎవరు చెప్పినా వినలేదు. ఒక పొద్దున చెంబు చేతిలో ఉండగానే సాలులో ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఊళ్లో కొందరు ఆయన అత్యాశ గురించి మాట్లాడారు. ఆ చేతి అన్నం తిని పెరిగినవాణ్ణి, ఆ చేతిని నేను తప్పుపట్టలేను.

పాడె నేనూ మోశాను. శ్మశానానికి దారి ఆ చేను పక్కనుంచే. దింపుడు కళ్లం అక్కడే చేశాం. ప్రాణం ఏ మూలన్నా మిగిలి ఉంటే లేస్తాడేమోనని పాడెను నేల మీద దించి, చెవిలో మూడుసార్లు పిలవడం ఆనవాయితీ. ఆయనకు కొడుకులు లేరు కాబట్టి నాన్నే వంగాడు. ఎండకు కాళ్లు కాలిపోతున్నాయి. పత్తి తలలు వాల్చేసి ఉంది. నాన్న అన్నయ్యా అని మూడుసార్లు పిలిచి పైకి లేస్తాడనుకున్నాం.

నాన్న ఆ చెవి దగ్గర నోరు పెట్టి, "అన్నయ్యా, వాన పడతా ఉంది, లెగు," అన్నాడు. మూడుసార్లూ అదే అన్నాడు. అని, నిజంగానే లేస్తాడన్నట్టు ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుండిపోయాడు.