యారాండ్ల సూదిమందు

నిజామాబాద్‌లో మా ఆస్పత్రి రెండో అంతస్తులో చివరి గది నాది. తలుపు మీద ‘పరిశోధన విభాగం’ అని రాసి ఉండేది. అది చదివి, లోపల ఏమైనా కోస్తారేమోనని వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయేవారు. అంతకు ముందు నేను అదే ఆస్పత్రిలో వార్డు నర్సును. షుగరునీ లావునీ కలిపి తగ్గిస్తుందన్న ఒక కొత్త సూదిమందును మనుషుల్లో పరీక్షించే పని మా డాక్టరమ్మకు వచ్చింది. చేరేవాళ్ళకు అన్నీ విడమరిచి చెప్పడానికి, వారం వారం సూది వేయడానికి, జరిగింది జరిగినట్టు రాసి పెట్టడానికి ఒక మనిషి కావాలన్నారు. నేను చేస్తానన్నాను.

అందుకు కారణం మా బాపు. షుగరు వల్ల ఆయన కాలివేలొకటి తీసేశాక ఇంట్లో పత్యం గట్టిగా పెట్టాం. ఒకరోజు కంచం ముందు కూర్చుని, అమ్మకు వినబడకుండా, “కడుపు నిండుతది గని ఆకలి పోతలేదు బిడ్డా, నేనేం జెయ్యాలె?” అని అడిగాడు. ఆయన గొంతులో సిగ్గు ఉంది. అప్పటివరకు ఆయనకు నోరు కట్టుకోవడం చేతకాదనే నేనూ అనుకున్నాను. ఆకలిని నడిపేవి మన చేతిలో లేని హార్మోన్లని, వాటికీ మందు ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పినప్పుడు, ఆయన మీద నేను చూపిన కోపాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళను చేర్చుకోకూడదన్న నియమం ఉంది కాబట్టి ఆయనకు ఆ సూది దొరకలేదు. ఇంకెవరి బాపుకో, అమ్మకో దొరికితే చాలనుకున్నాను.

అలా నా గదికి ఒక పొద్దున ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. బోధన్ దగ్గర పల్లెవాళ్ళు, అన్నదమ్ముల భార్యలు. తోటికోడళ్ళను మా వైపు యారాండ్లంటాం. పెద్దామెకు యాభై అయిదు దాటి ఉంటాయి, చిన్నామె ఆమెకన్నా పదేళ్ళు చిన్న. ఇద్దరూ భారీ మనుషులే, ఇద్దరికీ షుగరే. పెద్దామె గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చి, నా ప్లాస్టిక్ కుర్చీని అనుమానంగా చూసి, నిలబడే మాట్లాడింది.

“మా చెరుకు పాయె, ఫ్యాక్టరీ మూతవడె. షక్కర మాత్రం మా ఒంట్లనే ఉండిపాయె బిడ్డా” అని నవ్వింది. ఆ నవ్వుకు పక్క గదిలోవాళ్ళు తలుపు తీసి చూశారు.

డాక్టరమ్మ వాళ్ళకు మందు సంగతి చెప్పారు. మనం తిన్నప్పుడు పేగుల్లోంచి ఒక హార్మోను బయలుదేరి, ఇక చాలని తలకు కబురు పంపుతుంది. చక్కెర పెరుగుతోంది, ఇన్సులిన్ వదలమని లోపలి గ్రంథికీ చెబుతుంది. ఈ సూదిమందు ఆ హార్మోనును పోలినదే, కాకపోతే వారం పాటు ఒంట్లో నిలుస్తుంది.

“పేగులు గట్ల సెప్తయా?” అంది పెద్దామె. “మరి నా పేగులు మూగయి గావొచ్చు.”

తరువాతి మాట చెప్పడం నా పని. చేరినవాళ్ళలో కొందరికి అసలు మందు వస్తుంది, కొందరికి మందులేని ఉత్త సూది వస్తుంది. ఎవరికి ఏది వస్తుందో వాళ్ళకు చెప్పం. మాకూ తెలియదు. డబ్బాల మీద నంబర్లు మాత్రమే ఉంటాయి. షుగరు గోలీలు మాత్రం అందరూ ఎప్పటిలాగే వేసుకోవాలి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయవచ్చు.

“నీకు గూడ తెల్వదా? పొడిసేది నువ్వేనాయె!” అని పెద్దామె ఆశ్చర్యపోయింది.

ఒకే ఇంటి నుంచి ఇద్దరిని చేర్చుకోకూడదని చెబితే, ఇద్దరూ ఒక్కసారే మాట్లాడారు. ఇండ్లు వేరట, పొయ్యిలు వేరట, నడుమ గోడ కూడా ఉందట. డాక్టరమ్మ పైవాళ్ళను అడిగి ఒప్పుకున్నారు. ఆ గోడ నడుమెత్తు కూడా లేదని, కూరగిన్నెలు దాని మీదుగానే అటూ ఇటూ తిరుగుతాయని నాకు తరువాత తెలిసింది.

ప్రతి బుధవారం బోధన్ బస్సులో ఇద్దరూ వచ్చేవారు. రెండో నెలలో మందు మోతాదు పెంచాక చిన్నామెకు వికారం మొదలైంది. బస్సులో నిమ్మకాయ వాసన చూస్తూ వచ్చేది. కంచంలో సగం అన్నం వదిలేస్తోందని ఇంట్లోవాళ్ళు దిష్టి తీశారు. ఒక పెండ్లిలో ఆమె రెండు ముద్దలు తిని లేచిపోతే చుట్టాలంతా పెద్దామెను పట్టుకున్నారు.

“నీ యారాలికి ఏం బెట్టినవే అని అందరు నన్నే అడుగుతున్నరు” అని ఆమె నా దగ్గర మొత్తుకుంది. “బగారన్నం, మటన్ ముంగట వెట్టుకోని ఇది సాలంటది! నేను దాని వంతు గూడ తినొస్తి.”

చిన్నామె రవికెలు వదులయ్యాయి. వేలికి బిగుసుకుపోయి ఏళ్ళుగా రాని ఉంగరం, బట్టలుతుకుతుంటే దానంతటదే జారి బకెట్లో పడిందట. ఆమె ఆ సంగతి చెబుతూ వేలు ఆడించి చూపిస్తుంటే నా ముఖంలో ఏ భావమూ కనబడకుండా చూసుకోవడం కష్టమయ్యేది. నేనేమీ సూచించకూడదు. “రాసుకున్నాను చిన్నమ్మా” అని మాత్రం అనేదాన్ని.

పెద్దామె బరువు కదల్లేదు. బరువు చూసుకునే ముందు ఆమె చెప్పులు విప్పేది. తరువాత గాజులు తీసి బల్ల మీద పెట్టేది. ఒకరోజు నడుముకున్న వెండి వడ్డాణం కూడా విప్పి యారాలి చేతికిచ్చి, ఊపిరి బిగబట్టి మిషన్ ఎక్కింది. ముల్లు ఉన్నచోటే ఆగింది. ఆమె దిగి, వడ్డాణం పెట్టుకుంది. ఆ రోజు ఆమె నవ్వలేదు.

తరువాతి బుధవారం చిన్నామె ఒక్కతే వచ్చింది.

“అక్క రానన్నది. నీళ్ళు పొడిపిచ్చుకునేటందుకు నేను బస్సెక్కుడేంది అంటున్నది” అని తలవంచుకుంది.

డాక్టరమ్మకు చెప్పి ఆదివారం వాళ్ళ ఊరికి వెళ్ళాను. పెద్దామె పొలం గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కన చోటిచ్చింది.

“మిమ్మల్ని బలవంతం చేయడానికి రాలేదు పెద్దమ్మా. మానేస్తే ఎవరూ ఏమీ అనరు. ఒకసారి షుగరు చూసి పోదామని వచ్చాను” అన్నాను.

“అది కాదు బిడ్డా. నీళ్ళు పొడిసేటట్టుంటె మమ్ముల పిలుసుడెందుకు? మందే అందరికి ఇయ్యొచ్చు గద?”

నేను చెప్పడం మొదలుపెట్టాను. పోల్చి చూడడం, తేడా తెలియడం అంటూ ఆస్పత్రి కాగితాల మీద ఉండే మాటలన్నీ వాడాను. ఆమె కొంతసేపు విని, చెయ్యెత్తి ఆపి, పొలంలో ఒక మూల చూపించింది.

“గా మూల మడి సూడు. పోయినేడు మిగిలిన మళ్ళల్ల కొత్త ఎరువు ఏసినం. గా మడికి ఒక్కదానికి ఎయ్యలె. అన్నిట్ల ఏస్తె, పంట ఎరువుతోని వచ్చిందో, వానతోని వచ్చిందో ఎట్ల తెలుస్తది?”

ఆ మాట అని ఆమె ఆగింది. నావైపు చూసింది. ముందు ఆమె భుజాలు కదిలాయి, తరువాత ఒళ్ళంతా కదిలింది. గట్టు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

“అంటే నేను ఎరువెయ్యని మడినా?”

“నాకు తెలియదు పెద్దమ్మా. ఒట్టు, తెలియదు.”

“నీకు తెల్వకుంటె నాకు తెల్సు తియ్. నేను మానేస్తె ఏమైతది?”

“మా పుస్తకంలో మీ గడి ఖాళీగా ఉండిపోతుంది. మిగతావాళ్ళతో పని నడుస్తుంది. కానీ మీలాంటివాళ్ళు ఎంతమంది చివరిదాకా ఉంటే, మందు సంగతి అంత గట్టిగా తెలుస్తుంది.”

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. “బుధారం అస్త పో” అంది.

అప్పటి నుంచి ఆమె ఒక్క వారం కూడా తప్పలేదు. బయట బెంచీ మీద కూర్చుని, రావడం మానేద్దామా అని గొణిగేవాళ్ళకు ఆమే సమాధానం చెప్పేది. మేము నాలుగు కాగితాల్లో చెప్పింది ఆమె ఎరువు మాటతో తేల్చేసేది. పొద్దునపూట చిన్నామెతో కలిసి నడవడం కూడా మొదలుపెట్టింది. చిన్నామె తేలికపడి ముందు పోతుంటే, ఆగవే అని అరుస్తూ వెనకాల నడిచేదట. ఆ నడకతో ఆమె షుగరు కొంచెం దిగింది, బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు.

పరీక్ష పూర్తయి, చాలా రోజులకు నంబర్ల గుట్టు విప్పారు. ఇద్దరినీ పిలిపించాం. డాక్టరమ్మ కాగితం చూసి, చిన్నామెకు వచ్చింది అసలు మందేనని, పెద్దామెకు వచ్చింది మందులేని సూదని చెప్పారు. నాకు పెద్దామె ముఖం చూడాలంటే భయమేసింది.

ఆమె బల్ల మీద అరచేత్తో కొట్టింది. “నేను సెప్పలేదా! అప్పుడే సెప్పిన!” అంది. ఆ రోజు ఆస్పత్రి మొత్తంలో ఆమెకన్నా సంతోషంగా ఉన్న మనిషి లేదు.

చిన్నామె మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. “నీకు రావాల్సింది నేను గుంజుకున్నట్టయింది అక్కా.”

“ఎవలు గుంజుకున్నరే పిచ్చిదానా? నేను లేకుంటె నువ్వు తగ్గింది మందుతోనని ఎట్ల తెలుస్తుండె?” అని పెద్దామె ఆమె వీపు నిమిరింది. తరువాత నావైపు తిరిగి, “సగం పేరు నాకు గూడ రాయి బిడ్డా” అంది.

ముందే రాసుకున్న ప్రకారం, ఉత్త సూది వచ్చినవాళ్ళకు ఇప్పుడు అసలు మందు మొదలుపెట్టాం. నాలుగో వారంలో నాకు ఆమె నుంచి ఫోనొచ్చింది. ఏదో కొంప మునిగిందనుకుని ఎత్తాను.

“బిడ్డా! వొకారం అస్తున్నది!” ఆమె గొంతు నిండా సంబరం. “పొద్దుగాల సాయ గూడ తాగబుద్ది గాలె! గిది అసలుదే!”

తన వికారానికి అంత మురిసిపోయిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. కొద్ది కొద్దిగా తినమని, నీళ్ళు తాగమని, వాంతులు ఆగకపోతే వెంటనే రమ్మని చెప్పాను. నాలుగు రోజుల్లో సర్దుకుంది. ఆ పైన ముల్లు దిగడం మొదలైంది. ఆమె గాజులు తీయడం మానేసింది.

అన్నీ మంచే జరిగాయని చెప్పను. సూది ఆగాక చిన్నామెకు ఆకలి మెల్లగా తిరిగొచ్చింది, పోయిన బరువులో కొంత వెనక్కి వచ్చింది. ఇలా జరగవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పారు. అదీ రాసి పెట్టాం. చిన్నామె మొదట దిగులుపడింది. పెద్దామె పొద్దున్నే గోడవతల నిలబడి, నడకకు రమ్మని పిలవడం మొదలుపెట్టాక దిగులు కొంత తగ్గింది. ఇప్పుడు ముందు నడిచేది పెద్దామె.

మొన్న వానాకాలంలో పోచంపాడ్ డ్యామ్ గేట్లు ఎత్తారని తెలిసి, ఇద్దరూ నాకు ఫోన్ చేశారు. ముగ్గురం కలిసి వెళ్ళాం. ఊళ్ళోవాళ్ళంతా చూడడానికి వచ్చినప్పుడల్లా పెద్దామె కింద ఆటోలోనే కూర్చునేదట. కట్ట మీదికి ఎప్పుడూ రాలేదట. ఆ రోజు దేన్నీ పట్టుకోకుండా ఎక్కింది. నడుమ రెండుచోట్ల నిలబడింది గాని కూర్చోలేదు. పైన గోదావరి హోరులో ఒకరి మాట ఒకరికి వినబడడం లేదు. తుంపరలు మా ముఖాల మీద పడుతున్నాయి.

“గింత పెద్దగుంటదా!” అని పెద్దామె నా చెవి దగ్గర అరిచింది. ఏళ్ళ తరబడి గోదావరి నీళ్ళతోనే పంట పండించిన మనిషి ఆమె.

కిందికి దిగి, వేయించిన చేపలు కొనుక్కుని తిన్నాం. మసాలా ఎక్కువైందని చిన్నామె, సరిపోయిందని పెద్దామె వాదులాడుకున్నారు. బస్సుకు ఇంకా సమయం ఉందనగానే పెద్దామె చేతులు కడుక్కుని లేచింది. ఇంకోసారి పైకి పోయి చూసొస్తానంది. “నాకు కాళ్ళు గుంజుతున్నయి అక్కా, నువ్వు పో” అంది చిన్నామె. పెద్దామె తడిసిన కొంగు పిండుకుని, మా ఇద్దరినీ అక్కడే వదిలేసి, జనంలో దారి చేసుకుంటూ కట్టవైపు వెళ్ళిపోయింది.