మాట మింగిన వియ్యంకుడు

మా చెల్లెలి పెండ్లినాడు నేను చేసిన పనికి మా నాయన నాతో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ. ఇప్పుడు అడిగినా నాది తప్పని చెప్పను.

మాది తాండూరు దగ్గర పల్లె. మా ఇంట్లో ఆడపిల్ల బడి గడప తొక్కిందే నిజాం మీద పోలీసు చర్య తర్వాత. ఆ భాగ్యం నాకు దక్కలేదు, చెల్లెలికి దక్కింది. తొమ్మిదో తరగతిలో ఉండగా వికారాబాదు సంబంధం వచ్చింది. "పిల్లను పదోది దాకా మేమే సదివిపిస్తం" అని పిల్లగాని తండ్రి పెద్దమనుషుల ముందు మాటిచ్చాకే మా నాయన తాంబూలం పుచ్చుకున్నాడు.

తీరా తాళి పడ్డాక ఆ వియ్యంకుడే మీసం దువ్వుకుంటూ, "ఇంక సదువెందుకు తియ్యి? కోడలు బడికి పోతె ఇంట్ల పని ఎవరు చేస్తరు?" అన్నాడు. చెల్లెలు పీటల మీదే కళ్లనీళ్లు పెట్టుకుంది. మా మగవాళ్లు ఒక్కరైనా నోరు విప్పితేనా! "పిల్లనిచ్చినోళ్లం. అణిగి ఉండాలె బిడ్డా" అన్నాడు నాయన. నాకు ఒళ్లు మండిపోయింది.

వియ్యంకుడి ఎదుట ఆడది మాట్లాడకూడదు. కానీ పాడవచ్చు. మగపెండ్లివారు భోజనాల బంతిలో కూర్చున్నాక ఆడపెండ్లివారి ఆడవాళ్లు ఎగతాళి పాటలతో వాళ్లను ఏకిపారేయడం మా దగ్గర ఆచారం. ఎంత మాట పడ్డా కోపం తెచ్చుకోకూడదు, విస్తరి ముందు నుంచి లేవకూడదు. పాటకు జవాబు పాటే.

భక్షాలు గంపలోకి సర్దుతూనే పాట కట్టాను. మా చిన్నమ్మలు "వద్దే, కొంప మునుగుతది" అంటూనే నేర్చుకున్నారు. విస్తళ్లలో నెయ్యి పడగానే ఎత్తుకున్నాను:

"భక్షాలు మింగె మా వియ్యంకుడూ,
పప్పూ మింగె మా వియ్యంకుడూ,
పదిమందిల ఇచ్చిన మాటనూ
నెయ్యేసుకోని మింగె మా వియ్యంకుడూ!"

బంతి బంతంతా గొల్లుమంది. ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగింది. "గిదేం పాట? బంజెయ్యుండ్రి!" అన్నాడు.

"పాటకు కోపానికొస్తె ఎట్ల బావా? జవాబియ్యి!" అన్నాడు పక్కనే కూర్చున్న ఆయన బావమరిది.

వియ్యంకుడు తన భార్య వైపు తిరిగాడు. "ఏమన్న పాడి గీళ్ల నోర్లు మూపియ్యి."

ఆమె లేచి నిలబడింది. కొంగు నిండా కప్పుకుంది. సన్నటి గొంతుతో మొదలుపెట్టింది:

"నాకూ ఇచ్చెనమ్మ గసొంటి మాటా,
పలక కొనిస్తనని ఇచ్చిన మాటా,
జుట్టూ నెరిసిపాయె ఓ వియ్యపురాలా,
ఇంకా అరగలేదమ్మ మా ఇంటాయనకూ!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. అయినా మా చిన్నమ్మలను మోచేత్తో పొడిచాను. ఆమె పాటకు అందరం గొంతు కలిపాం.

"సాలు తల్లీ, సాలు. జూన్ల బడికి పంపుత. ఇగ ఆపుండ్రి" అన్నాడాయన, తలెత్తకుండానే.

"పంపినంక ఆపుతం" అన్నాను. పాటలో కాదు, మామూలు మాటలోనే. మా నాయన తల పట్టుకున్నాడు.

ఆ ఎండాకాలం తాండూరు నుంచి వికారాబాదు దాకా మా చుట్టాల ఇండ్లలో ఏ పెండ్లి జరిగినా అదే పాట. ఆడవాళ్లు రైలెక్కి మరీ మోసుకుపోయారు. ఆయన ఏ బంతిలో కూర్చున్నా అది వినక తప్పలేదు. జూన్‌లో తానే కోడలిని వెంటబెట్టుకుని పోయి బడిలో పేరు రాయించాడు. మర్నాడే మా ఇంటికి కబురు పంపాడు: "పంపిన గద, ఇగనన్న బంజెయ్యమనుండ్రి."

నేను బంద్ చెయ్యలేదు. చదువు మాన్పించిన ఆడపిల్లలు మా ఊళ్లోనే ఇంకా బోలెడు మంది ఉన్నారు. వాళ్ల తండ్రులూ, మామలూ పెండ్లి బంతుల్లో కూర్చునేవాళ్లే.