అరగంట దూరంలో మంచు

ఎండాకాలం వచ్చిందంటే గోదావరిఖని చౌరస్తాలో పుచ్చకాయల కుప్పలు పడతాయి. బండాయన ఒక్కో కాయను చెవి దగ్గరికి ఎత్తుకుని వేళ్ల కణుపులతో టక్కుటక్కుమని కొడతాడు. ఆ చప్పుడు చెవిన పడితే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి. మొన్న కూడా అంతే. "మంచిగ పండింది సార్, తీస్కపో" అన్నాడు. నేనూ కొట్టి చూశాను. పండినట్టే ఉంది. ఇంకోసారి కొట్టాను. పచ్చిగా ఉన్నట్టూ అనిపించింది. చివరికి కాయ అక్కడే పెట్టేసి ఉత్త చేతులతో ఇంటికొచ్చాను. "బాయిల కప్పు చూసే మనిషికి పుచ్చకాయ కొనుడు రాదాయె" అని నా భార్య సుజాత నవ్వింది. ఆమె నవ్వడంలో తప్పు లేదు. నేను బొగ్గుబాయిలో సర్దార్‌ని. మనుషులు పనిచోటికి పోకముందే తల మీది రాతికప్పును కర్రతో కొట్టి చూడాలి. గట్టిగా పలికితే పని మొదలుపెట్టించాలి, డొల్లగా పలికితే అందరినీ వెనక్కి తీసుకురావాలి. ఈ పని నాకు నేర్పినవాడు ఓదెలు కాక. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన నాకు నేర్పిందేమిటో ఇప్పటికీ సరిగ్గా అంతుపట్టలేదు. అందుకే రాసుకుంటున్నాను.

కాక రామగిరి దిక్కు పల్లె మనిషి. బక్కగా, పొట్టిగా ఉండేవాడు. చేతిలో ఎప్పుడూ ఇనుప పొన్ను వేసిన కర్ర. నేను కొత్తగా బాయిలో దిగిన రోజు భయంతో పైకే చూస్తూ నిలబడితే, భుజం మీద చెయ్యి వేసి, "కండ్లతోటి ఏం గనవడది కొడుక. కండ్లు మూస్కో, ఇను" అన్నాడు. కర్రతో కప్పును కొట్టాడు. నాకేమీ తెలియలేదు. రోజూ అదే వరస. కొట్టేవాడు, ఎట్లా పలికిందో నన్ను అడిగేవాడు, నేను తప్పు చెప్తే కప్పును మళ్లీ కొట్టేవాడు. ఆర్నెల్లకు గాని నా చెవి తెరుచుకోలేదు. ఆ కర్ర అలవాటు బయట కూడా ఆయన్ని వదల్లేదు. పెళ్లికి పోతే ఫంక్షన్ హాలు గోడ కొట్టేవాడు, దవాఖానకు పోతే అక్కడి గోడ కొట్టేవాడు. చూసినవాళ్లు నవ్వేవాళ్లు.

ఆయన క్వార్టర్‌లో గోడకు పాత క్యాలెండరు ఒకటి వేలాడుతుండేది. నెలల కాగితాలన్నీ ఎప్పుడో చిరిగిపోయాయి, మంచుకొండ బొమ్మ ఒక్కటే మిగిలింది. "ముప్పై ఏండ్లు చీకట్ల, ఉడుకల బతికిన. రిటైరైనంక ఒక్కసారి మంచుల నిలవడాలె. గంతే, ఇంకేం వద్దు నాకు" అనేవాడు. తీరా రిటైరయ్యేనాటికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. కొండలెక్కాలనుంటే ఈ ఏడాదే ఎక్కు, వచ్చే ఏడాది నేను ఒప్పుకోను అన్నాడు డాక్టరు. ఆ మాట విన్న వారానికే మేము బయలుదేరాం. నేను, బాయిలో ఫిట్టర్‌గా చేసే శ్రీను, ఎలక్ట్రీషియన్ తిరుపతి, ముందు సీట్లో కాక. జీపు శ్రీనుది.

మంచిర్యాల దాటి, ఆసిఫాబాద్ దాటి, నాగపూర్ చేరేసరికే సకినాల డబ్బా సగం ఖాళీ. అక్కడి లాడ్జిలో కాక మంచమెక్కి స్లాబును కర్రతో కొడుతుంటే కౌంటరు దగ్గరి మనిషి పరుగెత్తుకొచ్చాడు. కాక తన బాయి హిందీలో, "ఠీక్ హై సాబ్, పడదు, ఫికర్ మత్ కరో" అని ఆయనకే ధైర్యం చెప్పాడు. ఝాన్సీ దాటాక ఒక దాబాలో రొట్టెలు తింటూ, "మంచు మీద నిలవడితే చప్పుడు ఎట్లుంటది రా?" అని అడిగాడు. మాకెవరికీ తెలియదు. "అటుకుల మీద నడిచినట్టుంటదేమో" అన్నాడు తిరుపతి. ఆ మాట కాకకు తెగ నచ్చింది. ఢిల్లీ దాకా అదే చెప్పుకుని నవ్వుకున్నాడు. ఆయనను అంత ఆనందంగా నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

హిమాచల్ కొండల్లో నాలుగో మలుపో ఐదో మలుపో, చాయ్ కొట్టు ఆయన "మంచు ఇంకో అరగంటే" అన్నాడు. కాక కొత్త స్వెట్టర్ తొడుక్కున్నాడు. కొంచెం పైకి పోయాక రోడ్డు పక్క కొండను చెక్కిన చోట ఒక పెద్ద బండ రోడ్డు మీదికి ఒరిగి ఉంది. దాని కిందినుంచే పోవాలి. "ఆపు" అన్నాడు కాక. దిగాడు. బండను కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. మూడోసారి కొట్టి, కర్రను బండకు ఆనించి అట్లాగే నిలబడిపోయాడు. తిరిగొచ్చి జీపు తలుపు తీసి, "మర్లుండ్రి, ఎన్కకు పోదాం" అన్నాడు.

మేము ముందు తమాషా అనుకున్నాం.

"ఏంది కాక, అరగంటే గద" అన్నాడు తిరుపతి.

"డొల్లగ పలికింది."

"మన ముంగట ఎన్ని బండ్లు పోయినయి? వాళ్లందరు మనుషులు కాదా?"

"వాళ్లు కొట్టి చూడలె."

తిరుపతి నా వైపు తిరిగాడు. "నువ్వు పోయి కొట్టు. నీకు గూడ చెవి ఉన్నది గద." పోయి కొట్టాను. గట్టిగానే పలికినట్టనిపించింది. కాక మొహం చూస్తే కాదేమో అనిపించింది. మళ్లీ కొడితే గాలి హోరులో ఏమీ వినిపించలేదు. ముగ్గురూ నా నోటి వైపే చూస్తున్నారు. నేనొక్కణ్ని గట్టిగుందంటే పోయేవాళ్లం. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. "నాకు తెల్వది" అన్నాను. ఆ మాట అన్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను. ఆర్నెల్లు చెవి పట్టి నేర్పించుకున్నవాణ్ని, కావలసిన రోజున ఆ మాట తప్ప నా దగ్గర ఇంకేమీ లేకపోయింది.

శ్రీను జీపు తిప్పాడు. చాయ్ కొట్టు దగ్గరికి వచ్చేసరికి పైనుంచి ఒక బండి దిగింది. ఆ బండ కిందినుంచే వచ్చింది. దాని క్యారియర్ మీద ఇంకా మంచు ఉంది. కాక దిగి, డ్రైవరును అడిగి, గుప్పెడు గోకి తీసుకున్నాడు. డీజిలు పొగకు అది బూడిద రంగులో ఉంది. "అబ్బ, గింత సల్లగ ఉంటదా" అన్నాడు. అది కరిగి వేళ్ల సందుల్లోంచి కారిపోయేదాకా అట్లాగే చూస్తూ నిలబడి, చెయ్యి స్వెట్టర్‌కు తుడుచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

తిరుపతి నాగపూర్ దాకా కాకతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూడా రోజూ ఫోనులో ఆ రోడ్డు సంగతి చూసేవాడు. రోడ్డు బాగానే ఉంది, బండ పడలేదు. "ముసలాయన భయపడ్డడు, మనల ఆగం జేసిండు" అన్నాడు ఓసారి. కాదని చెప్పడానికి నా దగ్గర ఏముంది? మరుసటి ఏడు డాక్టరు అన్నట్టే ఒప్పుకోలేదు. ఆ తర్వాత కాక క్వార్టర్ గుమ్మం దాటడమే కష్టమైంది.

పోవడానికి నెల ముందు చూడబోయాను. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ఎదురుగా అదే క్యాలెండరు. ఇక ఉండబట్టలేక అడిగేశాను. "కాక, ఆనాడు నిజంగనే డొల్లగ పలికిందా?"

ఊపిరి కూడదీసుకున్నాడు. "లేదు కొడుక. మూడుసార్లు మంచిగనే పలికింది."

"మరెందుకు మర్లిపిచ్చినవ్?"

"నాకు మీదికి పోవాలని మస్తుగుండె. బండ మంచిగుండి మంచిగ పలికిందో, నా ఆశనే మంచిగ పలికిందో ఎట్ల తెల్వాలె? మనసు పడ్డ కాడ చెవి అబద్ధం చెప్తది. తెల్వనప్పుడు ఎన్కకు రావాలె. నీకూ గట్లనే అయ్యింది గద, తెల్వది అన్నవ్. మంచిగన్నవ్."

"గా మాట అప్పుడే చెప్పరాదు? తిరుపతి ఎన్ని మాటలన్నడు."

"చెప్తే మీరు మర్లుదురా?" అని నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గు తోడైంది. ఇక మాట్లాడనివ్వలేదు నేను.

ఆ రోజునుంచి నా మతి నా దగ్గర లేదు. ఆయన చేసింది తెలివా, పిరికితనమా? ప్రాణాలు కాపాడాడా, ఉన్న ఒక్క కోరికనూ ఊరికే పోగొట్టుకున్నాడా? పడిన కప్పుకు సాక్ష్యం ఉంటుంది. పడని దానికి ఏముంటుంది? పోయిన నెల ఫస్ట్ షిఫ్టులో కప్పు కొట్టాను. గట్టిగానే పలికింది. ఆ రోజు మా పాప స్కూల్లో ప్రోగ్రాం, పని తొందరగా తెమిలితే బాగుండునని పొద్దున్నుంచీ నా మనసు అక్కడే ఉంది. అది గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. మనుషులను వెనక్కి తెచ్చి, ముందు కప్పుకు ఆసరాగా దిమ్మెలు నిలబెట్టించాను. "డొల్లగా పలికిందా?" అని అడిగాడు ఆఫీసరు. "తెల్వలె సార్" అన్నాను. అందరి ముందూ నాలుగు తిట్లు తిన్నాను. కప్పు పడలేదు. పాప ప్రోగ్రామూ అందలేదు. ఆ రోజంతా బాయిలోంచి బయటికొస్తున్న ఒక్కొక్కరి మొహం చూస్తూ, నేను చేసింది తప్పో ఒప్పో తేల్చుకోలేక ఉన్నాను.

కాక చెప్పిన మాట తిరుపతికి ఈ మధ్యే చెప్పాను. చేతిలోని ఫోను పక్కన పెట్టేశాడు. తర్వాత, "ఆయన కర్ర నీ కాడనే ఉన్నది గద. ఈసారి పోదాం. మంచుల దాన్ని నిలవెట్టి వద్దాం" అన్నాడు. శ్రీను జీపు సర్వీసింగుకు ఇచ్చాడు. నేనూ సరేనన్నాను. కానీ ఆ బండ ముందు దిగి కర్ర ఎత్తేది నేనే. కాక కోసం పైకి పోవాలని నాకెంత ఉందో నాకు తెలుసు. అది ఎట్లా పలికినా, నా చెవికి గట్టిగానే వినిపిస్తుంది.