శ్లాబు కింది కర్రలు

ఇట్లా చాప మీదికి జరగండమ్మా, గోడకు ఆనుకుని కూర్చోండి. ఈ ఇంటి సంగతే చెబుతాను, చెవి ఇటు పెట్టండి.

తిరుపతిలో కరకంబాడి దోవన మాకు పట్టా వచ్చిన చోటు ఇది. మా ఆయన మేస్త్రీ. పగలంతా ఊళ్ళోవాళ్ళ మేడలు కట్టి, పొద్దుగూకే ముందు వచ్చి మాకోసం రెండు వరసలు ఇటుకలు పేర్చేవాడు. అట్లా నాలుగు గోడలూ లేచాయి. కప్పు పడకముందే కామెర్లు వచ్చి పోయాడు.

ఆయన ఆఖరున పని చేసింది ఒక కాలేజీలో. అక్కడ సివిలు ఇంజనీరింగు చదివే పిల్లలకు ఒక సంఘం ఉండేది. ఏటా అట్టతో బొమ్మ ఇళ్ళు చేసి, ఒక రోజు అందరికీ చూపించి, మరునాడు పారేసేవాళ్ళు. తాపీ పట్టడం ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు కొందరు, ఈ ఏడు అట్ట ఇల్లు వద్దు, మేస్త్రీ ఇంటికి కప్పు వేద్దామని తీర్మానించుకున్నారు. ఆ మాట నాకొచ్చి చెప్పారు. తల ఊపాను. సంతోషపడాలని తెలుసు, పడలేదు. ఆ రోజుల్లో నాకు అన్నం తిన్నా మన్ను తిన్నా ఒకటే.

ఆ పిల్లలొచ్చి శ్లాబు పోసిన మరునాడు దానిమీద మట్టితో చిన్న మడులు కట్టి నీళ్ళు నిలబెట్టాను. రెండు పూటలా బిందె ఎత్తుకుని నిచ్చెన ఎక్కడం, పోయడం, దిగడం. ఎవరు పలకరించినా వినబడేది కాదు. కింద సరుగుడు కర్రలు అడవి మాదిరి నిలబడి శ్లాబును మోస్తున్నాయి. నేనూ, ఆరేళ్ళ నా కూతురూ పక్కన గుడిసెలో ఉన్నాం.

పదోరోజు సంఘం సెక్రెటరీ పిల్లవాడు ఇద్దరిని వెంటబెట్టుకుని, సుత్తి పట్టుకుని వచ్చాడు.

"అక్కా, రేపు ప్రిన్సిపాల్ సారు రిబ్బను కత్తిరించేదానికి వస్తాండాడు. ఈ కర్రలుంటే లోపలికి ఎట్లొస్తాడు? తీసేస్తాం."

"మూడు వారాలుండాలని ఆయన చెప్పేవాడు నాయనా. ధనుర్మాసం చలికి సిమెంటు నిద్రపోతాదంట."

"చిన్న గదికి ఏడు దినాలు సాలక్కా. మా పుస్తకంలో ఉండాది."

"మీ పుస్తకం ఈ ఇంట్లో పండుకుంటాదా? పండుకునేది నేనూ నా బిడ్డ."

వెనకున్న పిల్లవాడు నవ్వాడు. "సారు నెత్తిన పడితే మనకు సెలవన్నా వస్తాది లేప్పా."

"నువ్వు నోరు మూసుకోరా," అని సెక్రెటరీ నావైపు తిరిగాడు. "కార్డులు పంచేసినామక్కా. నా పరువు తీయొద్దు."

నేను లోపలికి పోయి, నడిమి కర్రకు వీపు ఆనించి కూర్చున్నాను. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. కప్పు కూలితే ఆయన చేత్తో పేర్చిన గోడల్ని కూడా లాక్కుపోతుంది. అంతే తెలుసు. వాళ్ళు సుత్తి తీసుకుని వెళ్ళిపోయారు.

మరునాడు రిబ్బను వాకిట్లోనే కత్తిరించారు. వచ్చినవాళ్ళంతా ఎండలో నిలబడి లడ్డూలు తిన్నారు. సెక్రెటరీ నా ముఖం చూడలేదు.

ఇరవై ఒకటోరోజు ఆ ముగ్గురే మళ్ళీ వచ్చారు. కూతుర్ని పక్కింటికి పంపి, నేను శ్లాబు కిందే నిలబడ్డాను.

"బయటికి రాక్కా."

"కొట్టు నాయనా."

బిడ్డ గతేమిటని ఆలోచించవద్దా అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు తోచలేదు. ఒక్కొక్క కర్రే పడింది. తలెత్తి చూస్తూ ఉన్నాను. భయం రావాలి, రాలేదు. ఆఖరి కర్రా పడింది. కప్పు నిలిచింది.

సెక్రెటరీ చేతులు దులుపుకున్నాడు. "పదోనాడు తీసినా నిలిచేదేమో అక్కా."

"నిలిచేదేమో నాయనా. నాకు తెలీదు."

కూతురు వచ్చి గడపలో నిలబడింది. "ఇంగ మనం ఈడనేనా అమ్మా?"

"ఈడనే."

గుడిసెలోంచి పొయ్యి రాళ్ళు తెచ్చేదానికి పోయాను.

విన్నారు గదా. మీ ఇంటి కప్పు చల్లగా ఉండాల. దాని కింద మీరూ మీ పిల్లలూ కడుపునిండా తిని, ఏ అదురూ లేకుండా నిద్రపోవాల.